ఏడాదంతా సైకిల్ మీద ఆఫీసుకు: కాలం మారే ఆ మొదటి పది రోజులు

మీ ప్రశ్నలు ఇవీ: రెండు నెలలుగా ఇంటి నుంచి ఆఫీసుకు తొమ్మిది కిలోమీటర్లు సైకిల్ మీద వెళ్తున్నారు. వాతావరణం హాయిగా ఉంది కాబట్టి బాగానే సాగుతోంది. పోయిన ఏడాది కూడా ఇలాగే మొదలుపెట్టి తొలి వానలకే మానేశారు. ఈసారి మానకుండా ఏడాదంతా తొక్కడం సాధ్యమేనా, దానికి ఏమేం కొనుక్కోవాలి, వానలకని వేరే పాత సైకిల్ ఒకటి ఉంచుకోవాలా.

సాధ్యమే. నేను పంతొమ్మిదేళ్లుగా పనికి సైకిల్ మీదే వెళ్తున్నాను. ఎండ, వాన, చలి, పొగమంచు అన్నీ చూశాను. కొన్నేళ్లు గడ్డకట్టే చలి ఉన్న చోట కూడా తొక్కాను. ఇన్నేళ్లలో నాకు బలంగా తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. నడి ఎండాకాలంలోనో, నడి వానాకాలంలోనో, నడి చలికాలంలోనో సైకిల్ తొక్కేవాళ్లు పెద్దగా ఇబ్బంది పడరు. అప్పటికి ఒళ్లు అలవాటు పడిపోయి ఉంటుంది, బ్రేకు ఎంత ముందుగా పట్టాలో చేతికి తెలిసిపోయి ఉంటుంది, బ్యాగులో ఏముండాలో ఆలోచించక్కర్లేదు. పడిపోవడమైనా, జబ్బు పడటమైనా, విసుగొచ్చి మానేయడమైనా ఎక్కువగా కాలం మారే మొదటి పది రోజుల్లోనే జరుగుతుంది. నేను గట్టిగా పడింది నాలుగుసార్లు. అందులో మూడుసార్లు అలాంటి రోజుల్లోనే. మీరు పోయిన ఏడాది మానేసింది కూడా అప్పుడే కదా. అందుకే ఏ కాలానికి ఏం కొనాలన్న దానికంటే, ఒక కాలంలోంచి ఇంకో కాలంలోకి ఎలా దాటాలన్న దాని గురించే ఎక్కువ చెప్తాను.

ముందు వాన సంగతి. పొడి కాలమంతా రోడ్డు మీద దుమ్ము, బండ్ల నుంచి కారిన ఆయిల్, అరిగిన టైర్ల రబ్బరు పొడి పేరుకుపోతాయి. తొలి చినుకులు వాటిని కడిగేయలేవు, కలిపి బురదలా మాత్రం చేస్తాయి. ఆ పలచటి జారుడు పొర మీద టైరుకు పట్టు ఉండదు. గట్టి వాన కాసేపు కురిస్తే అదంతా కొట్టుకుపోయి రోడ్డు మళ్లీ కొంత నమ్మేలా అవుతుంది. కాబట్టి జోరువానలో కంటే తొలి తుంపరలోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. చూడటానికి మాత్రం తుంపర ఏమీ చేయనట్టే ఉంటుంది.

నేను మొదటిసారి పడింది అలాగే. మూడు నెలలుగా చుక్క వాన లేదు. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరేసరికి మొహం మీద చినుకు పడుతోందో లేదో అన్నంత సన్నగా పడుతోంది. రోజూ తిరిగే మలుపే, రోజూ తిరిగే వేగమే. మలుపులో ఒక మ్యాన్‌హోల్ మూత ఉంది. దాని మీదికి వెళ్లేసరికి సైకిల్ పక్కకి వాలి ఉంది. ముందు చక్రం కింద నుంచి ఎవరో లాగేసినట్టు పోయింది. మోచేతి ఎముక చిట్లి ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. వెనకాల బండి ఏదీ రాకపోవడం నా అదృష్టం. ఆ రోజు నుంచి తడి రోడ్డు మీద నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఇనుప మూతలు, తెల్ల గీతలు, రాలిన ఆకులు, రోడ్డు పనులకు పరిచే ఇనుప రేకులు, వీటి మీదికి వెళ్లక తప్పకపోతే సైకిల్ నిటారుగా ఉండాలి, బ్రేకు పట్టకూడదు, పెడల్ గట్టిగా తొక్కకూడదు. మామూలుగా దొర్లుకుంటూ పోనివ్వాలి. రైలు పట్టాలైతే వీలైనంత అడ్డంగా, నేరుగా దాటాలి. ఏటవాలుగా దాటితే చక్రం పట్టా పక్క సందులో ఇరుక్కుంటుంది. తడి పట్టా అయితే ఇరుక్కోకపోయినా జారుతుంది.

బ్రేకుల విషయం బాగా గుర్తుంచుకోండి. మీ సైకిల్‌కు రిమ్‌ను పట్టుకునే రబ్బరు బ్రేకులు ఉంటే, తడిసిన రిమ్ మీద చక్రం మొదటి ఒకటి రెండు చుట్లు తిరిగేదాకా ఆ రబ్బరు నీళ్లు తుడిచే పనిలోనే ఉంటుంది. పట్టు ఆ తర్వాతే వస్తుంది. స్టీల్ రిమ్‌లైతే మరీ కష్టం, తడిలో చాలాసేపు పట్టవు. అందుకని ఆగాల్సిన చోటికి చాలా ముందే బ్రేకును తేలిగ్గా ఆనించి రిమ్ తుడవనివ్వండి, తర్వాత గట్టిగా పట్టండి. డిస్క్ బ్రేకులకు ఈ బాధ చాలా తక్కువ. తడిసినప్పుడు కీచుమంటాయి, అది మామూలే. కీచుమంటోందని డిస్క్ మీద ఆయిల్ మాత్రం వేయకండి. బ్రేకు పూర్తిగా పోతుంది, ప్యాడ్లు మార్చాల్సి వస్తుంది. నాకు తెలిసిన ఇద్దరు ఆ పొరపాటు చేశారు. ఇంకోటి, బ్రేకు ఎంత మంచిదైనా రోడ్డు మీద టైరుకున్న పట్టు కంటే ఎక్కువ ఆపలేదు. డిస్క్ ఉంది కదా అని తడిలో ముందు బండికి దగ్గరగా వెళ్లొద్దు.

టైర్ల గురించి ఒక అపోహ ఉంది. వానకు గాట్లు, గుబ్బలు ఉన్న టైర్లు కావాలని చాలామంది అనుకుంటారు. కార్ల టైర్లకు గాట్లు ఎందుకంటే, వెడల్పుగా చదునుగా ఉన్న టైరు వేగంగా పోతున్నప్పుడు నీటి పొర మీద తేలిపోయే ప్రమాదం ఉంది. సైకిల్ టైరు సన్నగా గుండ్రంగా ఉంటుంది, మనం వెళ్లే వేగమూ తక్కువ. అది నీటిని కోసుకుంటూ కిందికి దిగుతుంది. తారు రోడ్డు మీద నున్నటి టైరే ఎక్కువ రబ్బరును నేలకు ఆనిస్తుంది. గుబ్బలు మట్టిదారికి పనికొస్తాయి. తడి రోజుల్లో చేయాల్సిందల్లా గాలి కాస్త తగ్గించడం. టైరు పక్కన రాసి ఉన్న కనిష్ఠం కంటే కిందికి పోకుండా, మామూలుగా కొట్టే దానికంటే కొంచెం తక్కువ. సైకిల్ ఫ్రేమ్‌లో చోటు ఉంటే 35 లేదా 38 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేయించుకోండి. ఏడాదంతా సుఖంగా ఉంటారు.

రోడ్డు మీద నిలిచిన నీళ్లలోంచి వెళ్లకండి. పైకి అద్దంలా కనిపించే నీళ్ల కింద గుంత ఎంత లోతుందో ఎవరికీ తెలియదు. దారిలో ఏ గుంత ఎక్కడుందో పొడి రోజుల్లోనే గుర్తుపెట్టుకోండి. నీళ్లు చక్రం ఇరుసు దాకా వచ్చే చోట దిగి నడవడం కూడా వద్దు, వేరే దారి చూసుకోండి. ఇరుసులోకి నీళ్లు దూరితే గ్రీజు పోతుంది, బేరింగ్ బాల్స్ తుప్పు పడతాయి. ఒకవేళ మునిగితే ఆ వారంలోనే విప్పించి శుభ్రం చేయించి కొత్త గ్రీజు పెట్టించండి.

ఇక రెయిన్‌కోటు. మీరు కొనబోయేది ఏదో అడిగారు కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వెచ్చటి వానలో రెయిన్‌కోటు పెద్దగా పనికిరాదు. తొక్కేటప్పుడు ఒంట్లో పుట్టే వేడికి లోపల చెమట పడుతుంది. పది నిమిషాల్లో బయట వానతో తడవాల్సింది లోపల చెమటతో తడుస్తాం. తొమ్మిది కిలోమీటర్లంటే అరగంట ప్రయాణం. వెచ్చటి రోజుల్లో నేను తడిసే వెళ్తాను, నీళ్లు దూరని బ్యాగులో పొడి బట్టలు పెట్టుకుంటాను. చలిగా ఉన్న రోజు వాన పడితే మాత్రం కోటు తప్పదు. అప్పుడు తడి బట్ట, గాలి కలిసి ఒంటి వేడిని లాగేస్తాయి. కోటు కొంటే చంకల కింద గాలి ఆడే జిప్పులు, వెనక భాగం పొడుగ్గా ఉన్నది చూడండి. తల మీది టోపీ తలతో పాటు తిరగాలి. చాలా కోట్లలో తల తిప్పితే టోపీ తిరగదు, వెనక వచ్చే బండి కనపడదు. కొనే ముందు షాపులోనే మెడ తిప్పి చూసుకోండి.

కోటు కంటే ముందు కొనాల్సినవి మడ్‌గార్డులు. వానలో మనల్ని తడిపేది పైనుంచి పడేదే అనుకుంటాం. సగం పైగా ఇబ్బంది చక్రం ఎగజిమ్మే బురద నీళ్లతోనే. వాన ఆగిన గంట తర్వాత కూడా అది ఆగదు. చక్రం చుట్టూ నిండుగా వచ్చేవి, ముందు దాని కింద పాదాల దాకా వేలాడే రబ్బరు ముక్క ఉన్నవి తీసుకోండి. సీటు కింద తగిలించే చిన్న ప్లాస్టిక్ రెక్కలు నడుమును కొంచెం కాపాడతాయేమో గానీ బూట్లను, చైన్‌ను కాపాడవు. బూట్లు తడిసిపోతే ఆఫీసుకు వెళ్లగానే లోపల న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి కూరండి, గంట తర్వాత మార్చండి. సాయంత్రానికి చాలావరకు ఆరతాయి. ఆఫీసు డ్రాయర్‌లో ఒక జత పొడి సాక్సు ఎప్పుడూ ఉండాలి. మీరు పోయిన ఏడాది మానేయడానికి కారణం రోజంతా తడి సాక్సుతో కూర్చోవడమే అయి ఉంటుందని నా అనుమానం. చాలామంది మానేసేది అందుకే.

పిడుగులు పడే రోజు బయల్దేరొద్దు. మెరుపు కనిపించాక ముప్ఫై సెకన్లలోపు ఉరుము వినిపించిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉందని లెక్క, ఎందుకంటే శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. అప్పుడు పక్కా భవనంలోకి వెళ్లాలి. చెట్టు కింద నిలబడకూడదు. చివరి ఉరుము విన్నాక ముప్ఫై నిమిషాలు ఆగాలి. సైకిల్ టైర్లు రబ్బరువి కాబట్టి ఏమీ కాదని కొందరు అంటుంటారు. అది నిజం కాదు. కిలోమీటర్ల కొద్దీ గాలిని దాటి వచ్చిన పిడుగుకు రెండు అంగుళాల రబ్బరు అడ్డే కాదు.

వానలో తొక్కి ఇంటికి రాగానే రెండు నిమిషాలు చైన్‌కు కేటాయించండి. పొడి గుడ్డతో చైన్ పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పుతూ తుడవాలి. ఆరాక ఒక్కో లింకు రోలర్ మీద ఒక్కో చుక్క ఆయిల్ వేసి, కాసేపాగి పైన మిగిలిన ఆయిల్ మళ్లీ తుడిచేయాలి. ఆయిల్ పని చేయాల్సింది లోపల. పైన ఉన్నది దుమ్మును పట్టుకుని ఇసుక కాగితంలా అరగదీస్తుంది. వానాకాలానికి చిక్కటి ఆయిల్, పొడి దుమ్ము రోజులకు పలచటిది. ఇంట్లో ఒక స్కేలు ఉంటే చైన్ అరుగుదల మీరే చూసుకోవచ్చు. కొత్త చైన్‌లో ఒక పిన్ను నుంచి దాని తర్వాత వచ్చే ఇరవై నాలుగో పిన్ను దాకా దూరం సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అది అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైన్ మార్చే సమయం వచ్చినట్టు. ఎనిమిదో వంతు దాకా ఊరుకుంటే ఫ్రీవీల్ పళ్లు కూడా అరిగిపోతాయి, రెండూ మార్చాలి. వానాకాలం అయిపోయిన వారం ఈ కొలత తప్పకుండా చూడండి, చైన్లు ఎక్కువగా అరిగేది ఆ నెలల్లోనే.

ఎండ గురించి. మనం తొక్కేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో నాలుగో వంతు లోపే పెడల్‌కు చేరుతుంది. మిగతాదంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపే ప్రధాన మార్గం చెమట ఆరడం. చెమట కారితే చాలదు, ఆరాలి. అందుకే గాలిలో తేమ ఎక్కువున్న 33 డిగ్రీలు, పొడిగా ఉన్న 38 డిగ్రీల కంటే ఎక్కువ బాధ పెడతాయి. తొక్కుతున్నంతసేపు గాలి తగులుతుంది కాబట్టి తెలియదు. ఆగగానే ఒక్కసారిగా చెమట ధారలు కడుతుంది. దీనికి విరుగుడు ఉంది. చివరి పది నిమిషాలు బాగా నెమ్మదిగా తొక్కండి. చేరాక నీడలో ఐదు నిమిషాలు నిలబడి, తర్వాత మొహం, మెడ తడి గుడ్డతో తుడుచుకుని బట్టలు మార్చుకోండి. చేరగానే మార్చుకుంటే ఆ బట్టలూ తడుస్తాయి. వీపు మీద బ్యాగు వేసుకోవడం మానేసి క్యారియర్‌కు కట్టండి. ఎండాకాలంలో మీ డబ్బుకు ఇంతకంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది మరొకటి లేదు.

ఇక్కడ కూడా మొదటి పది రోజుల సంగతే. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈ లోపు రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఆ మార్పు జరగకముందే, నిన్నటి హాయి వాతావరణంలో తొక్కిన వేగంతో తొక్కితేనే ప్రమాదం. అందుకని ఎండలు ముదరగానే మొదటి వారం పది నిమిషాలు ముందు బయల్దేరి నెమ్మదిగా వెళ్లండి. రెండో వారానికి మీకే తేడా తెలుస్తుంది. తల తిరగడం, వికారం, అంత ఎండలోనూ ఒళ్లు జలదరించి రోమాలు నిక్కబొడుచుకోవడం, ఏం చేస్తున్నామో అయోమయంగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే ఆగి నీడకు చేరి ఒంటి మీద నీళ్లు పోసుకోవాలి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. కష్టపడుతున్నప్పుడు వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. అయోమయం మొదలైతే ఆసుపత్రికే వెళ్లాలి. సాయంత్రం ప్రయాణం ఉదయం కంటే కష్టం, రోజంతా కాగిన రోడ్డు కింద నుంచి వేడి కొడుతుంది. వీలుంటే సాయంత్రం ఒక గంట ఆలస్యంగా బయల్దేరండి. పాత పంచర్లకు వేసిన ప్యాచ్‌లు ఈ కాలంలోనే ఊడతాయి, వేడికి సొల్యూషన్ మెత్తబడుతుంది. ట్యూబ్‌కు మూడు నాలుగు ప్యాచ్‌లు ఉంటే ఎండాకాలం ముందే కొత్తది వేయించడం మంచిది.

టైరులో గాలి కూడా వాతావరణంతో మారుతుంది. 20 డిగ్రీల దగ్గర 60 పీఎస్‌ఐ కొట్టిన టైరు 45 డిగ్రీల దగ్గర 66 దాకా వెళ్తుంది. అది పర్వాలేదు, టైరు ఓర్చుకుంటుంది. గరిష్ఠానికి దగ్గరగా కొట్టేవాళ్లు మాత్రం ఎండలో నిలబెట్టేటప్పుడు ఆలోచించాలి. చలికాలంలో దీనికి వ్యతిరేకం. వెచ్చటి గదిలో సరిపోయిన గాలి బయటి చలిలో తగ్గిపోతుంది. చలి మొదలయ్యాక సైకిల్ బరువెక్కిందని చాలామంది అంటారు. మొదట చూడాల్సింది గాలే. నేను ఏ కాలమైనా ఆదివారం సాయంత్రం పంపు తీస్తాను. వారానికి ఒకసారి గాలి కొట్టే అలవాటుంటే పంచర్లు కూడా సగానికి తగ్గాయన్నది నా అనుభవం.

చలికాలంలో అందరూ చేసే పొరపాటు ఎక్కువ బట్టలు వేసుకోవడం. గుమ్మంలో నిలబడినప్పుడు వెచ్చగా ఉందంటే ఎక్కువ వేసుకున్నట్టే. మొదటి పది నిమిషాలు కాస్త చలిగా అనిపించాలి. తర్వాత ఒళ్లు వేడెక్కి సరిపోతుంది. వెచ్చగా బయల్దేరితే చెమట పడుతుంది, సిగ్నల్ దగ్గర ఆగగానే ఆ తడి చల్లబడి వణికిస్తుంది. నూలు బనియన్ చెమటను పీల్చుకుని ఆరదు కాబట్టి చలిలో ఒంటికి తగిలే పొర ఉన్నిదో, క్రీడాకారులు వేసుకునే సింథటిక్‌దో ఉండాలి. పైన గాలి దూరని పలచటి జాకెట్. మధ్యలో ఏముండాలన్నది ఆ రోజును బట్టి. ఛాతీ కంటే వేళ్లు, చెవులు, పాదాలు ముందు బాధపడతాయి, ఎందుకంటే చలిలో వాటికి రక్తం తక్కువ అందుతుంది, పైగా గాలికి ఎదురుగా ఉంటాయి. బయట సున్నా డిగ్రీలు ఉన్నప్పుడు గంటకు 20 కిలోమీటర్ల గాలి తగిలితే చర్మానికి అది మైనస్ 5 లాగా ఉంటుంది. మనం తొక్కే వేగమే ఆ గాలిని పుట్టిస్తుంది, గాలి లేని రోజు కూడా. గ్లౌజులు మందంగా ఉండాలి గానీ, వేళ్లు బ్రేకు పిడిని వెంటనే పట్టుకునేలా ఉండాలి. చల్లటి పొడి గాలి ఆస్తమా ఉన్నవాళ్లకు పడదు. అలాంటివాళ్లు ముక్కు, నోరు గుడ్డతో కప్పుకుని, మొదట నెమ్మదిగా తొక్కాలి. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ జేబులోనే ఉండాలి.

చలి కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది వెలుతురు. పగలు తగ్గుతూ వచ్చే రోజుల్లో, నిన్నటిదాకా వెలుతురులో ఇంటికి వచ్చిన మనం ఉన్నట్టుండి చీకట్లో ఉంటాం. లైట్లు ఇంట్లో ఉంటాయి, లేదా ఛార్జింగ్ ఉండదు. నా రెండో ప్రమాదం అలాంటి రోజునే జరిగింది. వెనక లైటు చనిపోయిందని నాకే తెలియదు. పక్క సందులోంచి వచ్చిన బండి నన్ను చూడలేదు. ఆ డ్రైవర్‌ను తప్పుపట్టలేను, నేను నిజంగానే కనపడలేదు. అప్పటి నుంచి వెనక రెండు లైట్లు పెడుతున్నాను, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. కాలి మడమల దగ్గర మెరిసే పట్టీలు కట్టుకోండి. ఒంటి మీది జాకెట్ మెరిస్తే దూరం నుంచి ఏదో వస్తువు అనుకుంటారు. పైకీ కిందికీ కదులుతున్న రెండు మెరుపులు చూస్తే అక్కడ మనిషి సైకిల్ తొక్కుతున్నాడని వెంటనే తెలుస్తుంది. ముందు లైటు ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా కాస్త కిందికి వంచండి.

ఇంకా చాలామంది గమనించనిది తక్కువ ఎత్తులో ఉండే సూర్యుడు. ఏడాదికి రెండుసార్లు, మార్చి 20, సెప్టెంబర్ 23 తేదీలకు అటూ ఇటూగా, సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించి సరిగ్గా పడమరన అస్తమిస్తాడు. తూర్పు పడమరలుగా వెళ్లే రోడ్లలో ఆ రోజుల్లో ఎండ నేరుగా కళ్లలో పడుతుంది. సూర్యుడు మన వీపు వైపు ఉంటే మనకు అంతా స్పష్టంగా కనిపిస్తుంది, అందుకే నిర్భయంగా వెళ్తాం. ఎదురుగా వచ్చేవాళ్లకు మాత్రం మనం కనపడం. మీ నీడను చూసుకోండి. మీ పొడవాటి నీడ ఏ డ్రైవర్ వైపు చాచి ఉందో, ఆ డ్రైవర్‌కు మీరు కనపడటం లేదనుకోండి. కూడలిలో మలుపు తిరగబోతున్న బండి మీ నీడ కొసన ఉంటే ఆగిపోండి, దారి మీదే అయినా సరే.

నేల గడ్డకట్టే చలి ఉన్న చోట ఉండేవాళ్లకు నాలుగు మాటలు. ఫిన్లాండ్‌లోని ఔలు నగరంలో చలికాలమంతా జనం సైకిళ్ల మీద తిరుగుతారు. చలికాలపు సైక్లింగ్ మీద మొదటి అంతర్జాతీయ సమావేశం 2013లో అక్కడే జరిగింది. అంటే చలి అడ్డం కాదు, దారి శుభ్రంగా ఉంచుతున్నారా లేదా అన్నదే అసలు విషయం. మెత్తటి హిమం మీద తొక్కవచ్చు. కంటికి కనపడని గాజు పొరలా గడ్డకట్టినది ప్రమాదం. వంతెనలు ముందు గడ్డకడతాయి, కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి. అక్కడ మలుపు తిప్పడం, ముందు బ్రేకు పట్టడం రెండూ వద్దు. గట్టి లోహపు మేకులు పొదిగిన టైర్లు దొరుకుతాయి. రోజూ అలాంటి దారిలో తొక్కేవాళ్లు వాటిని వేయించుకోవాల్సిందే, మామూలు టైరుతో నైపుణ్యం చాలదు. ఎలక్ట్రిక్ సైకిల్ అయితే చలిలో బ్యాటరీ తక్కువ దూరం వస్తుంది. సున్నా డిగ్రీల కంటే తక్కువలో దాన్ని ఛార్జ్ చేయకూడదు, లోపలికి తెచ్చి గది వేడికి వచ్చాకే పెట్టాలి.

గాలికి మాత్రం ఏ బట్టా, ఏ పరికరమూ పనిచేయవు. మీరు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఎదురుగా అంతే వేగంతో గాలి వీస్తే, మీ ఒంటికి తగిలే గాలి రెట్టింపు, అది వెనక్కి తోసే బలం నాలుగు రెట్లు. అక్కడ నిన్నటి వేగం కోసం పోరాడితే మోకాళ్లు పోతాయి. గేరు తగ్గించి, కాళ్లు తేలిగ్గా తిప్పుతూ, పావుగంట ఆలస్యంగా చేరండి. పక్కగాలిలో పెద్ద లారీ దాటినప్పుడు ఒక్క క్షణం గాలి ఆగి మళ్లీ కొడుతుంది, సైకిల్ అటూ ఇటూ ఊగుతుంది. ఆ క్షణానికి రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉండాలి, పక్కన మీటరు ఖాళీ ఉండాలి.

కొనాల్సినవాటి వరుస నా లెక్కలో ఇదీ: మడ్‌గార్డులు, ముందూ వెనకా లైట్లు, క్యారియర్, నీళ్లు దూరని బ్యాగు, పంపు. ఇవి ఇప్పుడే. మిగతావి ఆయా కాలం వచ్చాక, రెండు మూడు సార్లు ఇబ్బంది పడ్డాక కొనండి, అప్పుడే మీకు ఏది కావాలో తెలుస్తుంది. ఆఫీసులో ఒక జత బట్టలు, సాక్సు, చిన్న టవల్ శాశ్వతంగా ఉంచండి. ఏడాదిలో కొన్ని రోజులు సైకిల్ తీయకపోవడం ఓటమి కాదు. పిడుగులు, వరద నీళ్లు, గాజు పొర, పెనుగాలి ఉన్న రోజు నేనూ బస్సెక్కుతాను, ఏడాదికి ఓ పది రోజులు ఉంటాయేమో. ఆ రోజు ఎలా వెళ్లాలో ముందే అనుకుని ఉంటే మర్నాడు మళ్లీ సైకిల్ ఎక్కడం తేలిక. అనుకోకుండా మానేసిన ఒక రోజే మెల్లగా నెల అవుతుంది.

వానలకు వేరే పాత సైకిల్ అవసరమా అన్నారు. గడ్డకట్టకుండా రోడ్డు మీద ఉప్పు చల్లే చోట ఉంటే అవసరమే, ఉప్పు మంచి సైకిల్‌ను ఒక్క చలికాలంలో తినేస్తుంది. లేకపోతే వద్దు. పాత సైకిల్‌కు బ్రేకులు సరిగ్గా ఉండవు, లైటు ఉండదు, గాలి ఎవరూ చూడరు. అంటే బ్రేకు, లైటు అన్నిటికంటే ఎక్కువ అవసరమైన రోజునే అవి సరిగ్గా లేని సైకిల్ మీద వెళ్తారన్నమాట. మీ చేతులకు అలవాటైన సైకిల్ మీదే వెళ్లండి. ఈ ఆదివారం మడ్‌గార్డులు బిగించి, బ్రేకు రబ్బర్లు ఎంత మిగిలాయో చూసుకోండి. రబ్బరు మీది గాట్లు కనిపించనంతగా అరిగి ఉంటే తొలి చినుకు పడకముందే మార్పించండి.